చిప్పు, కంచం

గోదాములో అందరూ ఆయన్ని మూగాయన అనేవాళ్లు. మాటలు రాక కాదు, ఖర్చు పెట్టడు. పెట్టెలు మోసి మోసి నడుం వంగింది గానీ మరో పని తెలియదు. ఈమధ్య గుండె దారి తప్పింది. నాలుగు కొట్టి ఒకటి మింగేస్తోంది. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే రేపట్నించి రావద్దంటారు.

ఆ వారం, మనిషి లేకుండా వాటంతటవే తిరుగుతూ పెట్టెలు నెట్టే బండ్లకు కొత్త చిప్పులు బిగించారు. ఇంజినీరమ్మ గోరంత ముక్కను చూపించింది.

"ఇందులోంచి కంటికి కనపడని తరంగాలొస్తాయి. బట్టా అట్టా దీనికి అడ్డం కావు. లోపల గుండె కొట్టుకున్నా పసిగడుతుంది. ఛాతీ ఆడితే మనిషి, బండి ఆగుతుంది. ఆడకపోతే సామాను, గోడదాకా నెట్టేస్తుంది. రేపు ఆసుపత్రుల్లో రోగిని ముట్టకుండానే నాడి చూస్తారు దీంతో."

బండి ముందుకు ఎవరొచ్చినా వాళ్ల గుండె గీత గోడమీది తెరలో పడుతుందట.

బావమరిదిదీ అక్కడే పని. చెవి దగ్గరికొచ్చి గొణిగాడు. "చిప్పంటోంది గానీ బావా, చివరికి మన చేతికి చిప్పే."

ఆయన నవ్వలేదు. "ఇనుం దాటుతుందా అమ్మా?" అన్నాడు. మూగాయన నోరు విప్పాడని అందరూ తిరిగి చూశారు.

"దాటదు బాబాయ్."

మర్నాడు పొద్దున భార్య ఆయన తినే స్టీలు కంచాన్నే బనీను మీద పెట్టి గుడ్డతో కట్టింది.

"ఊపిరాడుతోందా?"

"ఆడకపోతేనే మంచిది."

"నోరు తెరిస్తే ఇలాంటివే ఊడిపడతాయి నీకు" అని కసిరి, ముడి ఇంకాస్త బిగించింది.

ఆ పూట బండ్లు ఆయన పక్కనుంచే తిరిగాయి. తెరలో గీత పడలేదు. ఆయనకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

వరస చివర, గోడ దగ్గర పెట్టె ఎత్తుతుంటే బండి మలుపు తిరిగింది. ఆగుతుందిలే అని నిలబడ్డాడు. ఆగలేదు. దాని నుదుటి మీద ఎర్రక్షరాలు వెలిగాయి. కూడబలుక్కున్నాడు. సామాను.

వెనక గోడ. రెండు పక్కలా అరలు.

"ఓయ్, ఆపండి! సామాను కాదురా, మా బావ!" బావమరిది పరిగెత్తుకొస్తున్నాడు.

బండి నెడుతున్న పెట్టె మోకాళ్లకు ఆనింది. చొక్కా చించుకున్నాడు. భార్య వేసిన ముడి ఊడి రాలేదు. రెండు చేతులా కంచాన్ని పక్కకు లాగాడు. అది జారి, ఖంగుమని నేలమీద పడి దొర్లింది.

బండి ఆగింది.

గోడమీది తెరలో గీత లేచింది. ఎగిరింది, ఎగిరింది, ఒకచోట చదునైంది, మళ్లీ ఎగిరింది. అందరూ అటే చూస్తున్నారు. ఆయన చొక్కా దగ్గరికి లాక్కున్నాడు, దాంతో ఏదో దాగుతుందన్నట్టు.

"ఎన్నాళ్లనుంచి బాబాయ్ ఇలా?" అని అడిగింది ఇంజినీరమ్మ.



మేస్త్రీ తెరను చూశాడు, ఆయన్ని చూశాడు. "ఇంటికెళ్లు పెద్దాయనా" అన్నాడు. మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పలేదు.

బావమరిది సొట్టపడిన కంచాన్ని తీసి, తన చొక్కాతో తుడిచి, బావ చేతిలో పెట్టాడు. పెట్టాక, తానన్న మాటే గుర్తొచ్చిందేమో, తలెత్తలేదు.