కుట్టు ఊడని గాయం

ఆ దర్జీ దుకాణంలో మిషన్లు ఎంత వేగంగా తిరిగేవో, వాటి ముందు కూర్చున్న ఆడవాళ్ల నోళ్లూ అంతే వేగంగా ఆడేవి. వాళ్లలో సన్నగా, పొడుగ్గా ఉండే ఆమెను అందరూ 'పలక' అనేవారు. ఆ పేరు పెట్టింది ఇంట్లో వదిన. సరదాకే పెట్టింది. అది దుకాణం దాకా నడిచొచ్చింది. కుట్టిన గౌను ఎవరికైనా తొడిగి చూడాల్సి వస్తే, పలకకు తొడిగితే ముందేదో వెనకేదో తెలియదని నవ్వేవారు. అందరికంటే ముందు ఆమే నవ్వేది. నవ్వే మనిషికి నొప్పి ఉండదని లోకానికో నమ్మకం.

ఒకనాడు కొత్తరకం మిషన్ నేర్చుకోవాలని ఇంట్లో చెప్పి పట్నం వెళ్లింది. నిజానికి వెళ్లింది రొమ్ములు పెద్దవి చేయించుకునే ఆపరేషన్‌కి. డాక్టరమ్మ అన్నీ విడమరిచి చెప్పింది. కొన్నాళ్లు బరువులు ఎత్తకూడదు. చర్మం మొద్దుబారి ఉంటుంది కనుక వేడి తగలనివ్వకూడదు. ఎర్రబడినా, వాచినా వెంటనే రావాలి. ఇంట్లో ఎవరో ఒకరు రోజూ గాయం చూడాలి. అన్నిటికీ తలూపిన మనిషి ఆ చివరి మాటకు తల దించుకుంది.

తిరిగొచ్చి వదులు బట్టల్లో దాక్కుంది. గుడ్డల తానులు ఎప్పటిలాగే ఎత్తింది. ఎత్తకపోతే ఎందుకని అడుగుతారు. కొన్నాళ్లకు కుడివైపు వాచింది. స్నానాలగదిలో గడియ పెట్టుకుని అద్దంలో చూసుకుంది. కుట్టు తిన్నగా ఉంది, ఎక్కడా ఊడలేదు. కుట్టు నిలిస్తే పని కుదిరినట్టే అనుకుంది ఆ దర్జీ చెయ్యి. ఉబ్బిన కుట్టును ఇస్త్రీతో అణచడం ఆమెకు రోజూ ఉండే పనే. వేడినీళ్ల సంచి తెచ్చి వాపు మీద అదిమి పెట్టుకుంది. చురుక్కుమనలేదు. గోడకు అవతల వదిన అన్నయ్యతో ఏదో చెప్పి పకపకా నవ్వుతోంది. ఆ నవ్వు వింటూ ఆమె సంచిని ఇంకాస్త గట్టిగా అదిమింది.

చర్మం కమిలి నల్లబడింది. చీము కారింది, జ్వరం తగిలింది. అప్పుడు ఒక్కతే బస్సెక్కింది.

డాక్టరమ్మ కట్టు విప్పి చూసింది. "దీనిమీద ఏం పెట్టావమ్మా?"

"వేడినీళ్ల సంచండీ. కుట్టు బాగానే ఉంది కదా అని."

"గుడ్డయితే కుట్టగానే పనైపోతుంది. ఒంటికి కుట్టాకే పని మొదలవుతుంది. లోపల రక్తం ఆడాలి, కండ అతుక్కోవాలి. నీకు లోపల చీము పట్టింది, పైన చర్మం కాలి చచ్చిపోయింది. ఆపరేషన్‌లో లోపల పెట్టిన తిత్తి ఇవాళే తీసెయ్యాలి. ఎవర్ని పిలవమంటావు?"

చేతిలో ఫోన్ ఉంది. అందులో పేర్లకు కొదవ లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి జరిపింది. ఫలానా నొప్పి అని చెప్పుకోగల పేరు ఒక్కటీ తగల్లేదు. గత్యంతరం లేక వదినకే చేసింది.

వదిన వచ్చేసరికి ఆపరేషన్ అయిపోయింది. ప్రాణభయం లేదు. కుడివైపు మాత్రం గుంట మిగిలింది.

"నాతో ఒక్క ముక్క చెబితే ఏం పోయేదే?"

"నవ్వేది నువ్వే కదా వదినా. నీతో ఎలా చెప్పను?"

అనేసి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. నర్సు కట్టు మార్చడానికి వస్తే వదిన లేచి దగ్గరికి జరిగింది. "నాకూ చూపించమ్మా. రేపట్నుంచి చూడాల్సింది నేనేగా" అంది.

ఇలాంటి ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది. చేయించుకున్నాక మాత్రం గాయాన్ని దాచకండి. తేడా కనిపించిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇక ఇంట్లోవాళ్లకు ఒక్క మాట: మీ ఎగతాళికి జడిసి తలుపు గడియ పెట్టుకుని తమ గాయాన్ని తామే చూసుకోవలసిన గతి ఎవరికీ పట్టించకండి.