ముప్ఫై రెండు చేపలు కూరకా!

కాదమ్మా అనూషా, ముందు ఆ పిల్ల భయం రాయి. లెక్క తర్వాత రాద్దువుగాని.

బందరు రేవులో ఎండుచేపలమ్మే పాపాయమ్మ లేదూ, ఆవిడ మనవరాలు హర్షిణి. నాలుగో తరగతి. భాగహారం ఎన్నిసార్లు చేసినా తప్పే. రేపు కూడా తప్పితే లెక్కల గంటలో మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోవాలన్నారు సారు. అక్కడేమో దాని చెల్లెలుంది! ఆ మాట తలుచుకుంటే పిల్లకి అన్నం దిగడం లేదు.

సాయంత్రం పాపాయమ్మ చేపల్ని పదేసి చొప్పున కట్టలు కడుతుంటే, పక్కనే పుస్తకం పెట్టుకుని కూర్చుంది.

"ఏం లెక్కే?"

"డెబ్భై రెండు నలుగురికి పంచాలి మామ్మా. తలా పది."

పాపాయమ్మ చేతిలో తాడు ఆగిపోయింది. "పదేసి ఇస్తే నలభయ్యేగా. మిగతా చేపలేవే?"

"కూరకి."

"ముప్ఫై రెండు చేపలు కూరకా! ఎవరి పెళ్ళే?"

హర్షిణికి నవ్వు రాలేదు. కళ్ళు నిండాయి. "నువ్వేగా చెప్పావు, పంచగా మిగిలినవి కూరకని!"

చెప్పిన మాట నిజమే. పడవ దిగాక వాటాలు వేసి, సమంగా రానివి కూరగిన్నెలో పడేయడం వాళ్ళ పద్ధతి. పిల్ల పుట్టిందగ్గర్నించీ చూస్తున్నదదే. అందుకే ఏడు కట్టల్లో తలా ఒకటి ఇచ్చి, మిగిలిన మూడు కట్టలూ కూరకి పంపేసింది. ఇంకున్న రెండు చేపలూ నలుగురికి రావు కదా, సున్నా వేసేసింది.

పాపాయమ్మ తాడు పక్కన పెట్టింది. ఏడు కట్టలూ, రెండు విడి చేపలూ చాప మీద పెట్టింది. తలా కట్ట పెట్టించింది. మిగిలిన మూడూ చూపించి, "కట్టలుండగా అప్పుడే కూరేంటే? తాళ్ళు విప్పు" అంది.

విప్పింది. ముప్ఫై. ఆ రెండూ కలిపితే ముప్ఫై రెండు. తలా ఎనిమిది వచ్చాయి.

"పద్దెనిమిది మామ్మా!"

"మరి తొంభై అయిదైతే?"

తలా రెండు కట్టలు పోను ఒకటి మిగిలింది. విప్పి అయిదుతో కలిపితే తలా మూడు. ఇంకో మూడు చేపలు చాప మీద ఉండిపోయాయి. విప్పడానికి ఇంకేం లేదు.

"ఇదిగో, ఇప్పుడు కూరకి."

"కూర అని రాస్తే సారు నవ్వుతారు. శేషం అనాలి."

"ఏదో ఒకటి అనవే, ఉడికేది అవేగా!"

మర్నాడు సారు బోర్డు మీద ఎనభై ఏడుని అయిదుతో భాగించమన్నారు. హర్షిణి ఒకటి వేసింది. మూడు మిగిలితే ఆగి, కాసేపు దానివంక చూసింది. ఏడుని దాని పక్కకి దించింది. ముప్ఫై ఏడు. అయిదేళ్ళు ముప్ఫై అయిదు. శేషం రెండు.

"వెళ్ళి నీ చోట్లో కూర్చో" అన్నారు సారు.

నాలుగో తరగతి బల్లే. పరిగెత్తుకెళ్ళి కూర్చుంది.

అంతే తల్లీ. గుడివాడలో మన హేమంత్‌గాడు భాగహారం అంటే పుస్తకం విసిరేస్తున్నాడట. ఫోన్ చేసి ఇది వాడికి చదివి వినిపించు. నెమ్మదిగా చదువు.