తొలి గిన్నె పాట

యామెన్ దగ్గర సముద్రపు పాయలో మా సోంగ్ రాజవంశపు ఓడలన్నిటినీ గొలుసులతో కలిపి కట్టేశారు. ఎవరూ పారిపోకుండా పెద్దలు చేసిన ఏర్పాటది. మంగోలులు ఒడ్డును పట్టుకుని మంచినీళ్ళు ఆపేశాక ఆ గొలుసులే మా మెడకు చుట్టుకున్నాయి. దాహం ఆపుకోలేనివాళ్ళు సముద్రపు నీళ్ళు తాగి, కక్కుకుని, ఓడ అంచులకు వేలాడుతున్నారు.

పొద్దున ఒక దాడిని మావాళ్ళు ఎలాగో తిప్పికొట్టారు. మధ్యాహ్నానికి శత్రువుల ఓడల మీద సంగీతం మొదలైంది.

దళనాయకుడు వాన్‌నియాంగ్‌ను పిలిపించాడు. రాజభవనంలో విందులకు షెంగ్ అనే వెదురు వాద్యం ఊదిన మనిషి ఆమె. రాజధాని పడిపోయినప్పుడు ఆమె గురువు తాంగ్ శత్రువుకు చిక్కాడు. ఆమె మాత్రం విలుకాడైన భర్త కుయ్ లాంగ్ వెంట ఓడెక్కింది.

"ఏం వాయిస్తున్నారమ్మా వాళ్ళు?"

"విందు పాటేనండీ. మన దర్బారుదే."

ఊదుతున్నది గురువుగారేనని కూడా ఆమె పోల్చుకుంది. కానీ ఏదో తేడాగా ఉంది. విందు సంగీతానికి ముందు తొలి గిన్నె పాట ఉండాలి. అది వాయించనిదే ఎవరూ గిన్నె ముట్టుకోరు. దాన్ని మర్చిపోయే వాద్యగాడు మా దేశంలో పుట్టలేదు. ఇక్కడ అది లేకుండా ఎకాఎకిన రెండో పాట ఎత్తుకున్నారు. అంటే ఇది విందు కాదు, ఏదో మోసం.

చెబుదామని ఆమె నోరు తెరిచింది. ఈలోపు కుయ్ లాంగ్ చెవి దగ్గరకు వచ్చాడు. అతని పెదాలు పగిలి నెత్తురు కారుతోంది.

"వాళ్ళు తిండికి కూర్చుంటే మాకూ ఓ కునుకు దొరుకుతుందే. చేతులు లేవట్లేదు. నీ పాము చెవులకో దణ్ణం, భోజనాలేనని చెప్పెయ్ తల్లీ!"

"భోజనాలకు కూర్చున్నారండీ," అందామె.

ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. తెలియక అన్న మాట కాదది. అయినా ఆ పెదాలు చూశాక ఇంకోలా చెప్పేదాన్నని గుండె మీద చెయ్యేసుకుని నేనూ అనలేను.

విలుకాళ్ళు విళ్ళు పక్కన పెట్టి ఎక్కడివాళ్ళక్కడ ఒరిగారు. కుయ్ లాంగ్ ఆమె ఒళ్ళో తల పెట్టి వెంటనే నిద్రపోయాడు. లేపాలి, లేపాలి అని ఆమెకు అనిపిస్తూనే ఉంది. ఇంకాసేపు పడుకోనీ అనుకుంది.

పోటు వచ్చింది. దానితోపాటే శత్రువుల ఓడలూ వచ్చాయి. వాటి మీద తెరల చాటున దాక్కున్న సైనికులు తెరలు తొలగించి ఒక్కసారిగా లేచారు. కుయ్ లాంగ్ వింటి కోసం తడుముకుంటూనే బాణం తగిలి చచ్చిపోయాడు. గొలుసులు కట్టిన ఓడలు కదల్లేక ఒక్కొక్కటే చిక్కాయి. సాయంత్రానికి మంత్రి, మా ఓడల్లోనే ఉన్న పసివాడైన చక్రవర్తిని వీపున వేసుకుని సముద్రంలో దూకాడు. సోంగ్ వంశం అంతటితో సరి.

నీళ్ళలో కొట్టుకుపోతున్న వాన్‌నియాంగ్‌ను శత్రువులే కొక్కెంతో లాగి, బందీల ఓడలో పడేశారు. అక్కడ తాంగ్ గురువు కనిపించాడు.

"బతికున్నావా తల్లీ!" అంటూ పాక్కుంటూ వచ్చాడు ముసలాయన. గొంతు తగ్గించి, "వీపు మీద కత్తి పెట్టి వాయించమన్నారు. అయినా తొలి గిన్నె పాట ఎగ్గొట్టాను. అటు నువ్వుంటావు, నువ్వొక్కదానివి పసిగట్టినా చాలనుకున్నాను. వినపడలేదా?" అన్నాడు.

"లేదు గురువుగారూ. ఎదురుగాలి. ఏదీ వినపడలేదు."

ఆయన ముఖం వాడిపోయింది.

"అయితే ఈ పాపమంతా నాదే. ఇంకాస్త గట్టిగా ఊదాల్సింది," అంటూ నోటి మీద కొట్టుకోవడం మొదలుపెట్టాడు.

వాన్‌నియాంగ్ ఆయన చేతులు రెండూ పట్టుకుంది. నిజం మాత్రం చెప్పలేదు.