గాయం లేని కట్టు

తెల్లచీరలకు గంజి పెట్టి ఆరేసిన తర్వాత కట్టుగుడ్డలు విడిగా ఉతికేదాన్ని. అవి ఆస్పత్రిలో రోగులకు వాడినవి కావు. నా ఎడమచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా, రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు నేను చుట్టుకునేవి. వాటిని చీరల పక్కనే దండెం మీద వేస్తే అత్తయ్యకు నచ్చేది కాదు. వచ్చేపోయేవాళ్ళు చూసి పాస్టరు గారింట్లో ఎవరికో రోగమనుకుంటారు అనేది. అందుకని బాత్‌రూమ్ వెనక, ఎండ తగలని చోట ఆరేసేదాన్ని. తెల్లవారి వంట ముగించి, ఆయన క్యారేజీ కట్టి, అత్తయ్యకు మాత్రలు పక్కన పెట్టి వచ్చేసరికి అవి ఇంకా చెమ్మగానే ఉండేవి. అలాగే చుట్టుకుని వెళ్ళిపోయేదాన్ని.

ఆ చేతికి గాయమేమీ లేదు. పచ్చబొట్టు ఉంది.

నేను క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని. మార్టూరు వైపు రాళ్ళ క్వారీల్లో కాళ్ళు నలిగినవాళ్ళు, లారీల కింద పడ్డవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, అందరూ ముందు మా గది గుమ్మమే తొక్కేవాళ్ళు. వాళ్ళెవరూ నా చేతిమీద ఏముందో పట్టించుకోలేదు. పట్టించుకున్నది కొత్తగా బదిలీ మీద వచ్చిన మేట్రన్ కోటిరత్నం గారు. ఆవిడ వచ్చాక వార్డులు శుభ్రపడ్డాయి, ఆ మాట ఒప్పుకోవాలి. వచ్చిన కొత్తలోనే మమ్మల్ని వరసగా నిలబెట్టి టోపీలూ గోళ్ళూ చెప్పులూ చూసింది. నా దగ్గరకొచ్చి ఆగింది. "ఇదేంటి దేవకుమారీ, కలుపుకెళ్ళే ఆడవాళ్ళకి మల్లే" అంది. యూనిఫాం వేసుకున్న మనిషిని చూస్తే రోగికి నమ్మకం కలగాలని, అలాంటి చేత్తో సూది పట్టుకుంటే చదువుకున్నవాళ్ళు జంకుతారని చెప్పింది. తీయించుకోవాలి, లేదంటే కప్పుకోవాలి. పొడుగు చేతుల జాకెట్టు కుట్టించుకుంటానన్నాను. క్యాజువాలిటీలో పొడుగు చేతులేమిటి, రక్తంలో మునగడానికా అంది. చివరికి కట్టు కట్టుకోమని ఆవిడే తేల్చింది.

మా అంబులెన్సు డ్రైవరు బుల్లయ్యది కూడా యూనిఫామే, ఖాకీ. చొక్కా చేతులు పైకి మడిస్తే కుడిచేతి నిండా గదెత్తిన హనుమంతుడు. మేట్రన్ గారు ఒకసారి ఆ బండిలోనే గుంటూరు వెళ్ళివచ్చి, హనుమంతుడు తోడున్నాడుగా, బండికి భయం లేదు అని నవ్వింది. నేను పక్కనే నిలబడి దూది చుడుతున్నాను. అదేమిటని అడగాలని కూడా నాకు తోచలేదు. ఆడవాళ్ళ ఒంటిమీద ఏముండాలో పక్కవాళ్ళు చెప్పడం, మేం సర్దుకోవడం, అంతకుముందు నుంచీ అలవాటైన సంగతే.

నా చేతిమీద ఉన్నది మా అమ్మ పేరు. ఎలీసమ్మ. అమ్మ మిరపకాయల కూలి. కోతలప్పుడు కోతకి, తర్వాత కల్లాల్లో తొడిమలు తీయడానికి వెళ్ళేది. నాన్న పోయాక నన్ను మిషన్ హాస్టల్లో వేద్దామని అది నడిపే దొరసాని చెబితే ఒప్పుకుంది గాని, ఒప్పుకున్న దగ్గర్నుంచీ దిగులు పడింది. హాస్టల్లో పెరిగిన పిల్లలు ఇంటిని మరిచిపోతారని ఎవరో అన్నారట. కల్లాల దగ్గరికి పచ్చబొట్లు పొడిచే ఆవిడ వస్తే నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టుకుంది. అమ్మకి చదువు రాదు, పొడిచే ఆవిడకీ రాదు. పంతులు గారి చేత కాగితం మీద రాయించి తెచ్చిన అక్షరాలను చూసి బొమ్మ దించినట్టు దించింది. అందుకే మ కింద ఒత్తు కాస్త పక్కకి పోయింది. నేను ఏడుస్తుంటే అమ్మ చెప్పింది, "నువ్వెంత పెద్దదానివైనా, ఎవరి బిడ్డవో నీ చెయ్యే చెబుద్ది" అని.

మా ఆయన ప్రేమదాసు మిషన్ హైస్కూల్లో మాస్టరు. పాస్టరు గారబ్బాయి. నర్సు ఉద్యోగం ఉందని నన్ను చేసుకున్నారు. ఆ ఉద్యోగం వచ్చేదాకా నన్ను మోసిన మనిషి మాత్రం ఆ ఇంటికి కుదరలేదు. అమ్మ వస్తే పెరటి తలుపు నుంచే వచ్చేది. కోక నిండా ఘాటు ఉండేది, అత్తయ్యకు దగ్గొచ్చేది. ఆయన చెడ్డవాడని చెప్పలేను. చెయ్యి ఎత్తలేదు, తాగుడు లేదు. పెళ్ళయిన కొత్తలో నా చెయ్యి పట్టుకుని చదివి, పెళ్ళాం చేతిమీద మొగుడి పేరుంటుందిగాని ఇదెక్కడి చోద్యం అని నవ్వారు. పైన తన పేరు పొడిపించుకోమన్నారు. నేను వినలేదు. తర్వాత స్కూలు వార్షికోత్సవాలకు పైటకొంగు ఎడమచేతి మీదుగా కప్పుకోమనేవారు. మేట్రన్ చెప్పిన సంగతి తెలిసినప్పుడు ఆయన సంతోషించారు. "నేను చెబితే మొగుడి చాదస్తమన్నావు. ఇప్పుడు మీ ఆఫీసరే చెప్పింది" అన్నారు. గుంటూరులో చర్మం డాక్టరు ఉన్నాడని, పైతోలు గీకేసి తీసేస్తాడని, వేసవి సెలవుల్లో వెళదామని నాతో అనకుండా అత్తయ్యతో అన్నారు.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఏ మందు కొట్టినా చావలేదని రైతులు రెండు మూడు మందులు కలిపి కొట్టారు. గాలికి ఎదురు కొట్టి పడిపోయినవాళ్ళు కొందరు, పంట చూసి అదే మందు తాగినవాళ్ళు కొందరు. ఎవరు ఏ రకమో చూడగానే తెలిసేది కాదు, తెలుసుకునే తీరికా లేదు. కడుపులు కడగడం, సూదిమందు ఎక్కించడం, నోటి నుంచి కారే చొంగ తుడవడం. ఎన్నిసార్లు బట్టలు మార్చినా గది అంతా పురుగుమందు కంపు.

పొదిలి వైపు నుంచి యలమందయ్య అనే రైతును ట్రాక్టరు మీద తెచ్చారు. అతని భార్య బసవమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. ఆ పూట హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్షన్‌కి ఎవరో వచ్చారు. మేట్రన్ గారు వాళ్ళను వెంటబెట్టుకుని వార్డులు తిప్పుతోంది. నేను గొట్టం వేసి నీళ్ళు పోస్తుంటే యలమందయ్య ఒక్కసారిగా కక్కాడు. నా చేతులు రెండూ తడిశాయి. కుడిచెయ్యి కడుక్కున్నాను. ఎడమచేతి కట్టు బరువెక్కింది. విప్పేద్దామని ముడి మీద వేలు పెట్టాను. అప్పుడే గుమ్మంలో మేట్రన్ కనిపించింది. వాళ్ళతో ఏదో చెబుతూనే నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. వేలు తీసేశాను. వాళ్ళు వెళ్ళాక విప్పవచ్చనుకున్నాను. ఈలోపు ఇంకొకతన్ని తెచ్చారు, అతని తర్వాత ఒక పిల్లను.

ముందు ఎండ తగ్గినట్టనిపించింది, గది మసకబారింది. మబ్బేసిందనుకున్నాను. తర్వాత చెమట. నోట్లో నీళ్ళూరుతున్నాయి, మింగలేకపోతున్నాను. పొద్దుటి నుంచీ రోగుల్లో చూస్తున్నదంతా నా ఒంట్లో జరుగుతోందని నాకు అర్థమవుతూనే ఉంది, ఎవరికో జరుగుతున్నట్టు. బల్ల పట్టుకున్నాను. బల్ల నా చేతిలో నిలవలేదు.

కళ్ళు తెరిచినప్పుడు యలమందయ్య పక్కమంచం మీద ఉన్నాను. డ్యూటీ డాక్టరు మొహిద్దీన్ బాషా గారు సూది వేస్తున్నారు. ఆయా మాబూబీ కత్తెరతో నా కట్టు కోస్తోంది. బట్ట ఊడొచ్చింది. కింద చర్మం ఎర్రగా కందింది. డాక్టరు గారు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూశారు.

"గాయమేదమ్మా?" అన్నారు.

మాబూబీ తల దించుకుని ఆ గుడ్డను బకెట్లో వేసింది. పక్క మంచం దగ్గర కింద కూర్చున్న బసవమ్మ లేచివచ్చి నా చెయ్యి చూసింది. "గాయం కాదయ్యా, పచ్చబొట్టు. మా అందరికీ ఉంటాయిగా" అంది, తన చెయ్యి చాపి చూపిస్తూ.

యలమందయ్య ఆ సాయంత్రం పోయాడు. నేను బతికాను.

తర్వాత రోజుల్లో నా మంచం చుట్టూ జరిగిన మాటలు సగం నిద్రలో విన్నాను. సూపరింటెండెంటు గారు విచారణ చేస్తారట. చేతికి సెగ్గడ్డ లేచిందని, అందుకే కట్టు కట్టుకున్నానని చెప్పమంది మేట్రన్. ఆవిడ గొంతులో భయం విని నాకు జాలేసింది కూడా. పిల్లలిద్దరినీ ఒంటిచేత్తో పెంచిన మనిషి. మా ఆయన కూడా అదే మంచిదన్నారు. పై అధికారులతో గొడవ మనకెందుకు, ఎలాగూ చర్మం చెడింది, ఈ సెలవులోనే గుంటూరు వెళ్ళి ఆ పచ్చబొట్టు పని కూడా చూసేద్దామన్నారు. నేను అవుననలేదు, కాదనలేదు. చెప్పేవాళ్ళకు అది అవునని వినిపిస్తుంది.

అమ్మకు కబురు ఎలా తెలిసిందో, నడిచొచ్చిందో బస్సెక్కిందో, వచ్చింది. వార్డు బయట వరండాలో గోడకి ఆనుకుని కూర్చునేది. నాకు జావ తాగించి మళ్ళీ వెళ్ళి అక్కడే కూర్చునేది. లోపల కూర్చోమంటే పెద్దోళ్ళు వస్తారులే అనేది. ఒక మధ్యాహ్నం మా ఆయన స్కూలు హెడ్మాస్టరు గారు నన్ను చూడటానికి వచ్చారు. కిటికీ అవతల ఆయన అడగడం వినిపించింది, ఈవిడ రోజూ ఇక్కడే కనపడుతోంది, ఎవరని.

"మా ఇంట్లో పనిచేసే మనిషండీ" అన్నారు మా ఆయన.

వెంటనే అమ్మ గొంతు వినపడింది. "అవునయ్యా. అమ్మగారికి జావ తెచ్చా."

ఆయనన్న మాటకి నాకు అంత ఆశ్చర్యం కలగలేదు. అలాంటి మాటలు చెప్పకుండానే చెబుతూ వచ్చారు ఇన్నేళ్ళూ. అమ్మ అవునని అంది చూశారా, అది నన్ను కదిలించింది. తనను లేకుండా చేసుకోవడం అమ్మకు ఎంత సులువుగా వచ్చిందో విన్నాను. ఆలోచించలేదు, తడుముకోలేదు. పెరటి తలుపు నుంచి వచ్చిన ప్రతిసారీ ఆ మాట ఆమె నోట్లో సిద్ధంగానే ఉండి ఉంటుంది. నేను ఆ తలుపు తీసి, అన్నం పెట్టి, మళ్ళీ ఆ తలుపే వేస్తూ వచ్చాను. దుప్పటి కింద నా చెయ్యి మంట పెడుతోంది. అది మందు వల్లో కాదో తేల్చుకోవాలని అనిపించలేదు.

మర్నాడు సూపరింటెండెంటు గారు నా మంచం దగ్గరికే వచ్చారు. మేట్రన్ గారు, డాక్టరు బాషా గారు, మా ఆయన పక్కన నిలబడ్డారు. కట్టు ఎందుకు కట్టుకున్నావమ్మా, సెగ్గడ్డా అని అడిగారు.

"కాదండీ. గాయం లేదు. చేతిమీద పచ్చబొట్టు ఉంది. అది కనిపిస్తే యూనిఫాంకి బాగోదని మేట్రన్ గారు కప్పుకోమన్నారు. తడిసినప్పుడు విప్పబోతే వద్దని సైగ చేశారు. నేను విప్పలేదు."

మా ఆయన గొంతు సవరించుకున్నారు. నేను ఆయన వైపు చూడలేదు. సూపరింటెండెంటు గారు చెయ్యి చూపించమన్నారు. చాపాను. కళ్ళజోడు సర్దుకుని చదివారు. ఎలీసమ్మ ఎవరన్నారు.

"మా అమ్మండీ. వరండాలో కూర్చునుంది. లోపలికి పిలవండి."

డాక్టరు బాషా గారే వెళ్ళి పిలుచుకొచ్చారు. అమ్మ గుమ్మంలో ఆగి ముందు మా ఆయన ముఖం చూసింది. రావొచ్చా అని అడుగుతున్నట్టు. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తున్నారు. అమ్మ వచ్చి నా కాళ్ళ దగ్గర నిలబడింది. మంచం మీద కూర్చోమన్నాను. కూర్చుంది, అంచున.

ఆ తర్వాత పెద్ద మార్పులేమీ జరగలేదు. క్యాజువాలిటీలో చేతులకు గుడ్డలు కట్టుకోకూడదని నోటిమాటగా చెప్పారు. పచ్చబొట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. కోటిరత్నం గారు కొన్నాళ్ళు నాతో పని వరకే మాట్లాడింది. ఒకరోజు మాత్రం డ్యూటీ గదిలో ఎవరూ లేనప్పుడు, చర్మం మానిందా అని అడిగింది. మానిందన్నాను.

సెలవు అయిపోకముందే ఆస్పత్రి వెనక ఖాళీగా ఉన్న నర్సుల క్వార్టరు అడిగాను, ఇచ్చారు. ఒక గది, ఒక వంటిల్లు. తలుపు ఒక్కటే, వీధి వైపు. ఆ సంగతి చెప్పినప్పుడు అత్తయ్య, మరి ఇక్కడ వంటెవరు చేస్తారంది. ఇంకేమీ అడగలేదు. నేను సామాను సర్దుకుంటుంటే ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను ఆయన్ని వదిలేస్తున్నానా అని అడిగారు. లేదన్నాను. అమ్మని తెచ్చుకుని ఉంటానని, ఆయన ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు రావచ్చని చెప్పాను. వస్తే అమ్మ ముందుగదిలోనే ఉంటుందని కూడా చెప్పాను.



"నాతోపాటు ఎవరైనా వస్తారు. హెడ్మాస్టరు గారే రావచ్చు. ఆవిడెవరని అడిగితే ఏం చెప్పను?" అన్నారాయన.

"మా అత్తగారని చెప్పండి" అన్నాను.