నాలుగో సాక్షి వాంగ్మూలం

మా అమ్మ నోట్లో నాలుక లేదు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇద్దరం కలిసి లాండ్రీ నడుపుతున్నాం. ఆవిడది ఇస్త్రీ పని, వచ్చినవాళ్ళతో గొడవలు పడే పని నాది.

అలాంటి మనిషి డెబ్బై రెండేళ్ళ వయసులో ఒకరోజు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "పాత కోర్టు కాయితాలు ఎక్కడ దొరుకుతాయే?" అంది.

ఎందుకు అడిగిందో నాకు తెలుసు. మా అమ్మమ్మ కూడా బట్టలు ఉతికి బతికిన మనిషే. అప్పట్లో ఒక గోదాము తగలబడితే, కాపలావాడే అంటించాడని వాణ్ణి పట్టుకుపోయారు. గోదాము యజమాని కొడుకు చొక్కాలు ఉతికేది అమ్మమ్మ కాబట్టి ఆమెను సాక్ష్యానికి పిలిచారు. ఆమె బోనెక్కి నోరు విప్పలేదని, యజమానికి అమ్ముడుపోయిందని పేటంతా చెప్పుకుంది. కాపలావాడు విడుదలయ్యాడు గానీ ఆ పేరంతా ప్లీడరు కొట్టేశాడు. ఆ ఏడాదే అమ్మమ్మ జ్వరంతో పోయింది. అప్పటికి అమ్మకు ఆరేళ్ళు. నాటినుంచి ఆవిడ పేటకు 'మూగసాక్షి కూతురు'.

మొన్న ఒక పెద్దమనిషి ప్యాంటు మడత కుదరలేదని వచ్చి, "మీ వంశమే అంత. అడిగితే జవాబుండదు" అన్నాడు. ఆ ప్యాంటు తీసి అతని మొహాన కొట్టాను. అమ్మ మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు.

"మా అమ్మ తప్పు చేస్తే చేసిందనే తెలుసుకుంటానే. తెలియకుండా మాత్రం పోను" అంది.

ఆర్కైవ్స్ ఆఫీసులో కౌంటరు వెనక ఒక్కటే కుర్చీ. అందులో రికార్డు కీపరు, వేలికి రబ్బరు తొడుగు వేసుకుని కూర్చున్నాడు. మేము చెప్పిందంతా విని, "గోదాము కాలిన ఏడాది కాదమ్మా, తీర్పు వచ్చిన ఏడాది కావాలి. కట్టలు దాన్నిబట్టే ఉంటాయి" అన్నాడు. లావుపాటి రిజిస్టర్లు మూడు మా ముందు పడేశాడు. నిలబడి వెతకడానికి రెండు గంటలు పట్టింది. అమ్మ మోకాళ్ళు పట్టేశాయి.

"కుర్చీ అడగనా?" అన్నాను.

"ఎందుకులేవే, కాసేపేగా" అంది.

కేసు నంబరు దొరికింది. దరఖాస్తులో 'ఏ తేదీ రికార్డు?' అన్నచోట అమ్మ ఠక్కున చెప్పింది. అమ్మమ్మ బోనెక్కిన రోజు పేటలో ఎవరూ మర్చిపోనిస్తే కదా! 'కేసుతో మీ సంబంధం?' అన్నచోట మాత్రం గొంతు తగ్గించి, "దూరపు బంధువులని రాయి" అంది. నాకు ఒళ్ళు మండింది. అయినా రాశాను.

వారం తర్వాత నకలు ఇచ్చారు. ఒక్కటంటే ఒక్క కాగితం.

'నాలుగో సాక్షిని పిలిచి ప్రమాణం చేయించడమైనది. అడిగిన ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. వచ్చిన జనం నవ్వినారు. మరునాటికి వాయిదా.'

అమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "సరే. నిజమేనన్నమాట" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

రికార్డు కీపరు కళ్ళజోడు పైకి నెట్టాడు. "ఏంటమ్మా, ఎసరు పెట్టి అన్నం ఉడకలేదంటారేంటి? వాయిదా అని ఉందిగా. అంటే మర్నాడు మళ్ళీ పిలిచారనేగా! మీరు అడిగింది ఒక్కరోజు పేజీ, ఇచ్చింది అదే. నాలుగో సాక్షి వాంగ్మూలం మొత్తం, తీర్పుతో సహా కావాలని రాయండి."

"ఆ ముక్క మొదటే చెప్పి చావొచ్చుగా!"

"మీరు చెప్పనిస్తేగా" అన్నాడు.

ఇంకో వారం గడిచింది. ఈసారి పదకొండు పేజీలు వచ్చాయి. కౌంటరు మీదే పరిచి, అమ్మకు వినబడేలా చదివాను.

'జనమును బయటకు పంపి తలుపులు మూయించడమైనది.

ప్రశ్న: నిన్న ఎందుకు మాట్లాడలేదు?

జవాబు: నా ముందు ముగ్గురు సాక్షులకు కుర్చీ వేసినారు. నన్ను నిలబెట్టినారు. నేను ముద్దాయిని కాను. కూర్చోబెట్టితే చెప్పెదను.

సాక్షికి కుర్చీ వేయించడమైనది.'

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చదవ్వే, ఆగకు."

'జవాబు: గోదాము కాలిన మరునాడు యజమాని కొడుకు చొక్కా ఉతుకుడుకు వచ్చినది. కిరోసిన్ కంపు కొట్టినది.

ప్రశ్న: దీపము వెలిగించువారి బట్టలు అన్నియు కిరోసిన్ వాసన వేయును గదా?

జవాబు: దీపములో పోసేవానికి చేతి అంచున అంటును. డబ్బా ఎత్తి చల్లినవానికి భుజము మీద, వీపు మీద పడును. ఆ చొక్కా వీపంతా తడిసినది. అయ్యా, తమరు ఎన్నడైనా బట్ట ఉతికినారా?'

రికార్డు కీపరు పక్కుమన్నాడు. ఆఖరి పేజీలో తీర్పు ముక్క ఉంది: 'నాలుగో సాక్షి మాట నమ్మదగినది. ముఖ్యముగా ఆ మాట మీదనే ముద్దాయిని విడుదల చేయడమైనది.'

కాపలావాణ్ణి ప్లీడరు కాదు, మా అమ్మమ్మ విడిపించింది! ఆ పేట మొత్తాన్నీ ఇక్కడికి ఈడ్చుకొచ్చి, ఒక్కొక్కడి చేతా ఈ పదకొండు పేజీలూ చదివించాలనిపించింది. నవ్వినవాళ్ళని బయటికి పంపి తలుపులేశారు కదా, లోపల ఆమె ఏం మాట్లాడిందో వాళ్ళకెలా తెలుస్తుంది? అరవై ఆరేళ్ళుగా సగం కథ పట్టుకుని ఊరేగారు.

"నకలు అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండమ్మా" అంటూ అతను రిజిస్టరు ముందుకు తోశాడు.

అమ్మ పెన్ను అందుకుంది. మళ్ళీ కింద పెట్టేసింది.

"బాబూ, పొద్దుట్నుంచి నిలబడే ఉన్నాను. కుర్చీ వెయ్యి. కూర్చుని పెడతాను."

నేను నోరు వెళ్ళబెట్టాను. అతను ఒక్క క్షణం అమ్మను చూశాడు, కౌంటరు మీది కాగితాలు చూశాడు. లేచి, తన కుర్చీనే ఎత్తుకుని కౌంటరు ఇవతలికి తెచ్చి వేశాడు.

అమ్మ తీరిగ్గా కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. సంతకం పెట్టి, పక్కనున్న 'కేసుతో సంబంధం' గడిలో తన చేత్తోనే, గడి దాటి పోయేంత పెద్ద అక్షరాలతో రాసింది.

'నాలుగో సాక్షి కూతుర్ని.'