వరస లేని హీరో

రాజశేఖర్ నా హోటల్లోకి వచ్చి "ఆంటీ, మేము అడవి భాషకి గౌరవం తెస్తున్నాం" అన్నప్పుడే అతని నెత్తిన గిన్నెడు పప్పుచారు పోసి ఉండాల్సింది. పోయలేదు. బస్తర్‌లోని బీజాపూర్ బస్టాండు పక్కన అన్నం అమ్ముకుని బతుకుతున్నదాన్ని. తినడానికొచ్చిన మనిషి ఎంత వెధవైనా విస్తరి వేయాల్సిందే.

అతను బచేలీ గనుల కాలనీలో పెరిగిన తెలుగువాడే. ఇప్పుడు ఏదో పెద్ద ఊళ్ళో, ఫోన్లలో ఆడుకునే ఆటలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం. బస్తర్ అడవిలో జరిగే ఆట ఒకటి తయారవుతోందట. అందులో ఊరి మనుషులు గోండిలో మాట్లాడతారట. బస్తర్ నీళ్ళు తాగి ఇంతవాడయ్యాడు గానీ గోండి ముక్క రాదు. "అది కొంచెం విరిగిన తెలుగే కదా ఆంటీ" అన్నాడు. తన తెలుగు మాత్రం సగం ఇంగ్లీషు ఊతకర్ర మీద నడుస్తోందని ఆ అబ్బాయికి ఎవరు చెబుతారు? అతనికి ఒక ఆడమనిషి గొంతు కావాలి, మధ్యలో మాట చేరవేయడానికి నేను కావాలి. సంతలో చింతపండు బేరాలాడీ ఆడీ నాకు గోండి బాగానే వచ్చు.

నేను ఇర్మెని అడిగాను. ఇర్మెది బాసగూడ అవతల పల్లె. సంతరోజున ఇప్పపువ్వో చింతపండో తెచ్చి అమ్ముకుని, మధ్యాహ్నం నా హోటల్లో కూతురి కోసం కూర్చుంటుంది. కూతురు గంగే ఇక్కడే ఆశ్రమశాలలో చదువుతోంది. తల్లి గోండిలో అడుగుతుంది, పిల్ల హిందీలో జవాబిస్తుంది. హాస్టల్లో చేరిన కొత్తలో తన మాట విని పిల్లలు నవ్వారట. ఆ రోజుతో గోండికి తాళం వేసేసింది. ఇర్మెకి వచ్చిన హిందీ సంతలో తూకం దగ్గర పోట్లాడటానికి సరిపోతుంది. కూతురి మనసులో ఏముందో అడగడానికి సరిపోదు.

"ఏంది అక్కా ఇది, నా కడుపున పుట్టిన పిల్ల నాతోని పరాయిదాని లెక్క మాట్లాడతది" అని ఎన్నిసార్లు ఏడ్చిందో.

ఆట సంగతి చెప్పగానే ఇర్మె మొహం వెలిగిపోయింది. "ఫోన్ల మా మాట వస్తదా? అయితే గంగే వింటది. దాని సిగ్గు పోతది. నాతోని మాట్లాడతది." ఎంత ఇస్తారని కూడా అడగలేదు. పిచ్చిది, ఆ ఒక్క ఆశతో ఒప్పుకుంది.

బియ్యం బస్తాల గదిలో ఫ్యాను ఆపేసి రికార్డింగు మొదలుపెట్టారు. హీరో ఊళ్ళోకి వస్తాడు, ఇర్మె "నన్ను కొట్టకు, దారి చూపిస్తా" అనాలి. ఇర్మె మైకు ముందు కూర్చుని నన్ను అడిగింది.

"వాడు నాకేమవుతడు అక్కా? వాడిది ఏ గోత్రం?"

వాళ్ళలో అంతే. ఏ రెండు గోత్రాలైనా అన్నదమ్ముల వరసన్నా అవుతాయి, వియ్యపు వరసన్నా అవుతాయి. దారిన పోయే మనిషితోనైనా ముందు ఆ సంగతి తేల్చుకుంటారు. నవ్వుతూ మాట్లాడాలో తల దించుకుని మాట్లాడాలో దాన్నిబట్టే తెలుస్తుంది. అది తేలకుండా ఇర్మెకి నోరు పెగలదు.

"హీరోకి గోత్రం ఏంటి ఆంటీ!" అన్నాడు రాజశేఖర్. "వాడికి అమ్మానాన్నల్నే పెట్టలేదు. గన్ను ఉంది."

"అమ్మానాన్నా లేకుండా గన్నుతో పుట్టాడా నాయనా?" అన్నాను.

"తమ్ముడనుకోమనండి."

చెప్పాను. "తమ్ముడు అక్కనెందుకు కొడతడు?" అంది ఇర్మె. నిజమే కదా.

"పోనీ, మరిది."

వదినా మరుదులు ఎకసెక్కాలాడుకోకపోతే అక్కడ తప్పు. ఇర్మె పమిట నోటికడ్డం పెట్టుకుని, దమ్ముంటే కొట్టు చూద్దాం అన్నట్టు పకపకా నవ్వుతూ చెప్పింది. ఆ గదిలో అంత అందమైన నవ్వు నేనెప్పుడూ వినలేదు. రాజశేఖర్ తల పట్టుకున్నాడు.

"ఆ నవ్వు ఉంచుకోవయ్యా, నీ ఆటకి ప్రాణమొస్తుంది" అన్నాను.

"ఇది యాక్షన్ గేమ్ ఆంటీ. కామెడీ కాదు." అని, విసుగెత్తిపోయి, "సాబ్ అనుకోమనండి, గొడవ వదిలిపోతుంది" అన్నాడు.

తుపాకీతో ఊళ్ళోకొచ్చే సాబ్‌లని ఎరిగిన మనిషి, ఈసారి ఇర్మె గోత్రం అడగలేదు. నవ్వు పోయింది. రెండు చేతులూ వాటంతటవే జోడయ్యాయి. ఒక్క దెబ్బకి, వణుకుతూ, చెప్పేసింది. రాజశేఖర్ చప్పట్లు కొట్టాడు. నేను లేచి ఫ్యాను వేసేశాను.

వానలు తగ్గాక ఆట బయటికొచ్చింది. ఆదివాసీ భాషకి పట్టం కట్టారని పేపర్లో రాశారు, రాజశేఖర్ ఫొటో వేశారు. నా ఫోన్లో వేయించుకుని చూశాను. హీరోది హిందీ. డాక్టరుది హిందీ. కొట్టువాడిదీ మాస్టారుదీ హిందీ. చెట్టు మీద దారి చెప్పే చిలక ఒకటుంది, దానిదీ హిందీయే. గోండి ఎవరు మాట్లాడతారయ్యా అంటే, మూటలు మోసేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, కింద పడి చచ్చేవాళ్ళు. పెళ్ళికి పిలిచి ఎంగిలి విస్తళ్ళు ఎత్తించినట్టుంది. పైగా పిలిచాం కదా, పేపర్లో కూడా వేయించాం కదా అనే నీలుగుడొకటి.

సంతరోజున గంగే నా ఫోను తీసుకుని ఆడింది. ఇర్మె అన్నం ముట్టకుండా పక్కనే కూర్చుని ఎదురుచూసింది. తన గొంతు వచ్చింది. గంగే చుట్టూ బల్లల మీదున్న జనాన్ని ఓసారి చూసి, బొటనవేలితో సౌండు తగ్గించేసింది. మిగతా ఆటంతా చప్పుడు లేకుండానే ఆడింది. ఇర్మె తన పళ్ళెంలోని చేప ముక్క తీసి కూతురి పళ్ళెంలో వేసింది. ఆ పూట నా కూరలో ఉప్పు ఎక్కువైందని ఎవడో అంటే వాడి మీద ఒంటికాలి మీద లేచాను. ఎవరి మీద కోపమో ఎవరి మీద చూపించానో.

తర్వాత మరో సంతరోజున రాజశేఖర్ మిఠాయి పొట్లంతో దిగాడు. ఆట రెండో భాగం తీస్తున్నారట, ఇర్మె గొంతే కావాలట. తల్లీకూతుళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. ఇర్మె నాతో అంది.

"ఈసారి డాక్టరమ్మతోని మా మాట మాట్లాడించమను అక్కా. నొప్పి ఏడ బిడ్డా అని అడగాలె. నేనే మంచిగ చెప్తా. అప్పుడు గంగే సౌండు తగ్గియ్యది."

మాట పొల్లుపోకుండా అతనికి చెప్పాను. రాజశేఖర్ నవ్వాడు. తల్లికి నేరుగా నచ్చజెబుదామనుకున్నాడో ఏమో, హిందీలోకి మారి గడగడా వాయించాడు. మీ మాట మాట్లాడే డాక్టరుని చూపిస్తే ఎవడు నమ్ముతాడు, ఆడేవాళ్ళు నవ్వుతారు అన్నాడు. కడుపులో విషం పెట్టుకుని అన్న మాట కూడా కాదు. ధర చెప్పినట్టు చెప్పాడు. అందుకే నాకు ఇంకా అసహ్యం వేసింది.

ఇర్మెకి ఆ హిందీ అందలేదు. "ఏమన్నడు అక్కా?" అంది.

పొద్దస్తమానం వాగే నోరు నాది. ఆ మాటని గోండిలోకి తేవడానికి మాత్రం నోరు రాలేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఇర్మె నా మొహం చూసింది, అతని మొహం చూసింది. మళ్ళీ అడిగింది.

గంగే ఫోను బల్ల మీద పెట్టింది. తల్లి వైపు తిరిగి, తడుముకోకుండా, చక్కటి గోండిలో చెప్పింది.

"నీ లెక్క మాట్లాడే డాక్టరును ఎవరూ నమ్మరంట అమ్మా. అందరూ నవ్వుతరంట."

రాజశేఖర్ మిఠాయి పొట్లం విప్పుతున్నాడు. ఇర్మె అతన్ని చూడనేలేదు. కూతురి నోటివంకే చూస్తూ, చేత్తో తడిమి నా మణికట్టు పట్టుకుంది.

"విన్నవా అక్కా?" అంది. "ఒక్క మాట సుత మర్చిపోలే."