మూసలో పడిన గ్లాసు

ఇత్తడి కార్ఖానాలో అతను పగిలిన కుళాయిలను సుత్తితో చితక్కొట్టి, కొలిమి మీద ఎర్రబడిన మూసలోకి పట్టకారుతో ఒక్కొక్కటే వదులుతున్నాడు. ఇత్తడి కరగడం మొదలుకాగానే ఎప్పటి మాటే అన్నాడు.

"అన్నీ ఇంతే. చివరికి శివుడొక్కడే మిగులుతాడు."

ఇరవై ఆరేళ్ళుగా ఈ మాట విని విని కార్ఖానాలో అందరి చెవులూ చిల్లులు పడ్డాయి. అందుకే అతనికి ప్రళయం అని పేరు పెట్టారు. అతను దానికీ పొంగిపోయాడు. పగలూ రాత్రీ, ఉండటమూ లేకపోవటమూ కూడా లయమైపోయాక ఉండేది శివుడేనని తండ్రి చెప్పగా విన్నాడు. అచ్చులు పోసేవాడి భార్య పోయినప్పుడు ఓదార్పుగా అదే చెప్పాడు. అచ్చులవాడు ఏడాది పాటు అతని ముఖం చూడలేదు.

కిందటేడు ప్రళయం కూతురే పోయింది. ఎనిమిదేళ్ళ పిల్ల, నాలుగు రోజుల జ్వరం. పిల్ల పోయిన మూడోనాడు భార్యకూ అదే మాట చెప్పాడు. కంట తడి పెట్టలేదు. తనను చూసి ఆమె గుండె దిటవు చేసుకుంటుందనుకున్నాడు, తెలివితక్కువ మనిషి. అప్పటినుంచి ఆమె అన్నానికి పిలవడం తప్ప అతనితో మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం ఆమె కార్ఖానాకు వచ్చింది. ఎన్నడూ రాని మనిషి. కొంగు చాటు నుంచి పాప పాలు తాగిన ఇత్తడి గ్లాసు తీసింది. దాని మీద పాప మేకుతో నాన్న బొమ్మ గీసుకుంది. రెండు చుక్కల కళ్ళు, ముఖం కంటే పెద్ద మీసం.

"దీన్నీ వేసెయ్యండి."

"ఇదెందుకే?"

"అన్నీ ఇంతేగా. కాదంటే వద్దనండి. ఒక్కసారి వద్దనండి, ఇంటికి తీసుకెళ్ళిపోతాను."

సుత్తులు ఆగాయి. అందరూ చూస్తున్నారు.

"వద్దని చెప్పన్నా," అన్నాడు అచ్చులవాడు, మెల్లగా.

ఆ మాట ప్రళయం గొంతు దాకా వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పరువు అడ్డొచ్చింది. గ్లాసును పట్టకారుతో పట్టుకుని మూసలోకి వదిలాడు. మీసం కాసేపు కనబడింది, తర్వాత లేదు. ఎప్పటి మాట ఈసారి నోట రాలేదు.

"సరే," అని ఆమె వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె చీరలు లేవు, పాప బట్టలు లేవు.

"వాళ్ళన్నయ్య దగ్గరికి వెళ్ళింది. ఇక రానంది బాబూ," అని పక్కింటావిడ చెప్పి తలుపు వేసుకుంది.

అతను వంటింటి గోడ పట్టుకుని, ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా ఏడ్చాడు. వినేవాళ్ళు లేరు.

దేవుడి అలమరలో అమ్మవారి పటం లేదు, దీపం లేదు, కూతురి ఫొటో లేదు. ఆమె పొద్దున పోసిన నీళ్ళు ఇంకా ఆరని చిన్న రాతి శివలింగం ఉంది.